లెన్స్ అమ్మేశాక ఎన్నాళ్ళు మన పూచీ?

ప్రశ్న: నమస్తే సార్. మాది ప్రొద్దుటూరు, బెంగళూరులో ఐటీ ఉద్యోగం, మారతహళ్ళిలో ఉంటాం. 2014లో కెమెరాతో పాటు కిట్‌లో వచ్చిన 24-105 జూమ్ లెన్స్ ఒకటి నా దగ్గర ఉండేది. పిల్లలు పుట్టాక కెమెరా బయటికి తీయడమే తగ్గిపోయింది, ఫోటోలన్నీ ఫోన్‌లోనే, అందుకని 14 నెలల కిందట ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టి 26,000కి అమ్మేశాను. కొన్నది తెలుగబ్బాయే, అనంతపురం వైపు, ఇక్కడ పెళ్ళిళ్ళకి ఫ్రీలాన్స్‌గా షూట్ చేస్తుంటాడు. కేఆర్ పురంలో ఒక టీ కొట్టు ముందు కలిశాం. తన కెమెరాకి తగిలించి ఒక పది ఫోటోలు తీసుకున్నాడు, ఏమైనా ప్రాబ్లం ఉందా అన్నా అని అడిగాడు, ఏం లేదు తమ్ముడూ పక్కా కండిషన్ అన్నాను, యూపీఐలో డబ్బు కొట్టి వెళ్ళిపోయాడు.

పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. ఒక పెళ్ళిలో సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే టైముకి లెన్స్ ఆగిపోయిందట, స్క్రీన్ మీద ఎర్రర్ 01 అని వస్తోందట, రిపేరుకి 9,500 అవుతుందన్నారట, సగమైనా ఇవ్వన్నా అంటున్నాడు. 14 నెలలు వాడుకుని, దాంతో సంపాదించుకుని ఇప్పుడు నన్నడగడం ఏం న్యాయం సార్? నా దగ్గర ఉన్నప్పుడు ఒకట్రెండు సార్లు ఆ మెసేజ్ వచ్చిన మాట నిజమే, లెన్స్ వెనక కెమెరాకి తగిలే లోహపు చుక్కలు, అదే కాంటాక్టులు, గుడ్డతో తుడిస్తే పోయింది, తర్వాత రాలేదు, అందుకే పెద్ద విషయం అనుకోలేదు. మా ఆవిడేమో పాపం ఇచ్చెయ్యండి అంటోంది. ఆఫీసులో ఫ్రెండ్స్ మాత్రం ఒక్క రూపాయి ఇచ్చినా తప్పు ఒప్పుకున్నట్టే, రేపు కేసు వేస్తాడు జాగ్రత్త అంటున్నారు. వారం రోజులుగా ఇదే టెన్షన్. చట్టప్రకారం నా బాధ్యత ఏమైనా ఉందా?

- పేరు వద్దన్న పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. వాడిన లెన్స్‌ని ఒక మనిషి ఇంకో మనిషికి అమ్మి, కొన్నాయన దాన్ని 14 నెలలు పెళ్ళిళ్ళలో తిప్పాక అది పాడైతే, మామూలుగా అమ్మినవాడికి దాంతో సంబంధం లేదు. మీ ఉత్తరంలో ఒక్క వాక్యం లేకపోతే నా జవాబు ఇక్కడితో అయిపోయేది. ‘ఒకట్రెండు సార్లు ఆ మెసేజ్ వచ్చిన మాట నిజమే’ అన్నారు చూడండి, అదీ ఆ వాక్యం. వారం రోజులుగా మిమ్మల్ని గుచ్చుతున్నది కూడా అదేనేమో, లేకపోతే అసలు రాసేవారే కాదు.

ఈ సెకండ్ హ్యాండ్ బేరాల్లో చాలామంది నెలల లెక్క చూస్తారు. నెలలోపు పాడైతే అమ్మినవాడిది, ఏడాది దాటితే కొన్నవాడిది అని. నాకు ఆ లెక్క ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు. కొని ఇంటికెళ్ళేలోపు పాడైనా అమ్మినవాడి తప్పు ఏమీ లేకపోవచ్చు, ఎందుకంటే పదేళ్ళ వస్తువు ఏదో ఒక రోజు పోవాల్సిందే, ఆ రోజు ఇవాళే అయింది. అదే రెండేళ్ళకి పాడైనా అమ్మినవాడి మాట అందులో ఉండొచ్చు. అమ్మిన రోజు దాని గురించి మీకు ఎంత తెలుసు, అందులో ఎంత చెప్పారు అన్నదే చూడాలి, క్యాలెండర్ కాదు.

చట్టం కూడా సుమారుగా అదే దారిలో పోతుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 16వ సెక్షన్ మొదలుపెట్టడమే, అమ్మిన వస్తువు నాణ్యత గురించి గానీ, ఫలానా పనికి పనికొస్తుందన్న దాని గురించి గానీ దానంతటదే పుట్టే హామీ ఏదీ ఉండదు అని మొదలుపెడుతుంది. ఆ తర్వాత మినహాయింపులు చెబుతుంది, అందులో ముఖ్యమైనవి ఆ సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాళ్ళకి వర్తించేవి. మీరు కెమెరాల కొట్టు నడపడం లేదు, ఇంట్లో మూలనపడి ఉన్న ఒక్క లెన్స్ అమ్మారు. కొనేవాడు చూసుకుని కొనుక్కోవాలి, అంతవరకు మీరన్నది నిజమే.

కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఒకటుంది. దాని 17వ సెక్షన్‌లో మోసం అంటే ఏమిటో చెప్పి కింద ఉదాహరణలు ఇచ్చారు, అందులో ఒక గుర్రం కథ ఉంది, అది చదివిన దగ్గర్నుంచీ నాకు ఏ సెకండ్ హ్యాండ్ బేరం విన్నా అదే గుర్తొస్తుంది. ఒకాయన తన గుర్రం బాగాలేదని తెలిసి కూడా వేలంలో అమ్మాడు, దాని జబ్బు సంగతి ఏమీ చెప్పలేదు. అది మోసం కిందికి రాదంది చట్టం. అదే బేరంలో కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందనుకుంటాను’ అన్నాడనుకోండి, అమ్మేవాడు అప్పుడు కూడా నోరు మెదపలేదనుకోండి. ఇక్కడ ఆ మౌనం మాటతో సమానం అంది. అడగనప్పుడు ఊరుకోవడం వేరు, అడిగాక ఊరుకోవడం వేరు. మీ విషయంలో ఆ అబ్బాయి అడిగాడు. మీరు ఊరుకోలేదు కూడా, పక్కా అన్నారు.

అలాగని మీరు మోసం చేశారని నేను అనడం లేదు. ఎందుకు అనడం లేదో చెప్పాలంటే కాస్త లెన్స్ లోపలికి వెళ్ళాలి.

పాత రోజుల్లో చాలా లెన్సుల్లో అపర్చర్‌ని, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని, చిన్న లివర్ కదిపేది. కెనాన్ 1987లో ఈఎఫ్ మౌంట్ (లెన్స్‌ని కెమెరాకి తగిలించే బిగింపు) తెచ్చినప్పుడు లివర్ తీసేసి లెన్స్‌లోనే చిన్న మోటారు పెట్టింది, ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీల మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) కెమెరాల లెన్సులూ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. ఆ మోటారుకి కరెంటు, ఆదేశాలు అందించేది కాగితంలా పల్చగా ఉండే ఒక పట్టీ, రిపేరు చేసేవాళ్ళు ఫ్లెక్స్ అంటారు. జూమ్ లెన్సుల్లో మీరు రింగు తిప్పిన ప్రతిసారీ లోపల భాగాలు ముందుకీ వెనక్కీ జరుగుతాయి, వాటితో పాటు ఆ పట్టీ మడతపడి విప్పుకుంటూ ఉంటుంది. వేలసార్లు, లక్షసార్లు. ఎక్కడో ఒక మడత దగ్గర లోపలి రాగి గీత సన్నగా చిట్లుతుంది. చిట్లిన కొత్తలో ఒక జూమ్ దగ్గర ఆ రెండు ముక్కలూ తాకుతూనే ఉంటాయి, ఇంకో జూమ్ దగ్గర విడిపోతాయి. అందుకే జబ్బు వస్తుంది, పోతుంది.

నాకిది స్వయంగా తెలుసు. కొన్నేళ్ళ కిందట లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శనకి వెళ్ళి గాజుమేడ మొత్తం ఫ్రేములోకి రావాలని జూమ్ 24 దగ్గర పెట్టి, అపర్చర్ బాగా మూసి ఎఫ్11కి తెచ్చి బటన్ నొక్కాను. షట్టర్ చప్పుడు సగంలో ఆగినట్టయింది, స్క్రీన్ మీద మెసేజ్: కెమెరాకీ లెన్స్‌కీ మధ్య సమాచారం సరిగ్గా అందడం లేదు, లెన్స్ కాంటాక్టులు శుభ్రం చేయండి అని. లెన్స్ ఊడదీసి ఆ బంగారు రంగు చుక్కల్ని చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాను, ఈసారి 50 దగ్గర తీశాను, బ్రహ్మాండంగా వచ్చింది. తుడిస్తే బాగైందని రెండు నెలలు నమ్మాను. నిజానికి బాగైంది తుడిచినందుకు కాదు, మధ్యలో జూమ్ రింగు తిరిగినందుకు. అది నాకు చెప్పింది ఎస్పీ రోడ్డు వైపు ఒక చిన్న గదిలో కూర్చుని రిపేరు చేసే పెద్దాయన, లెన్స్ విప్పి ఆ పట్టీని ట్వీజర్‌తో పట్టుకుని భూతద్దం కింద చూపించాడు, గోటితో గీసినంత సన్నటి తెల్ల గీత, అంతే.

అంటే మీరూ నాలాగే నమ్మారు. కాంటాక్టులు తుడవమని కెమెరానే చెప్పింది, తుడిచారు, పోయింది, మర్చిపోయారు. దాచాలన్న ఉద్దేశం ఉంటేనే మోసం అవుతుంది, మీకు ఆ ఉద్దేశం లేదు. ఈ విషయంలో మనసు కుదుటపరుచుకోండి.

అయితే ‘ఏం లేదు, పక్కా కండిషన్’ అన్న మాట మాత్రం మీకు తెలిసినదానికంటే పెద్ద మాట. మీకు తెలిసింది ‘రెండుసార్లు ఎర్రర్ వచ్చింది, తుడిస్తే పోయింది, మళ్ళీ రాలేదు’ అని. ఆ ముక్క యథాతథంగా చెప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ఆ అబ్బాయి వృత్తిలో ఉన్నవాడు, వెంటనే ఎఫ్8లో పెట్టి జూమ్ మొత్తం తిప్పుతూ చూసుకునేవాడు, లేదా ఇంకో రెండు మూడు వేలు తగ్గించన్నా అని బేరమాడేవాడు, లేదా కొనేవాడే కాదు. ఆ మూడింట్లో ఏదో ఒకటి చేసుకునే అవకాశం అతనికి దక్కలేదు. మీరు బాకీ పడింది అదీ. రిపేరు ఖర్చు మొత్తం కాదు, సగం కూడా కాదు. 14 నెలల్లో ఆ పట్టీని అతను మీకంటే చాలా ఎక్కువ తిప్పి ఉంటాడు, ఒక్కో పెళ్ళికి వందలకొద్దీ ఫోటోలు, ప్రతి ఫోటోకీ జూమ్. ఆ అరుగుదల అతనిది. ఆ రోజు బేరంలో తగ్గాల్సిన మొత్తమే మీది. నన్నడిగితే 3,000 దగ్గర ఆగుతాను.

కానీ ఫోన్ తీసి డబ్బు పంపేముందు అతన్ని ఒకటి అడగండి. ఎర్రర్ ఏ జూమ్ దగ్గర వస్తోంది, ఏ అపర్చర్‌లో వస్తోంది? ఎఫ్4లో, అంటే అపర్చర్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు, ఎక్కడా రాకుండా, ఎఫ్8లో పెట్టినప్పుడు ఒక జూమ్ దగ్గర వచ్చి ఇంకో జూమ్ దగ్గర రాకపోతే అది అపర్చర్ పట్టీయే, బహుశా మీ దగ్గర ఉన్నప్పుడు మొదలైనదే. ఎఫ్4లో అపర్చర్ మూసుకోవాల్సిన పని లేదు కాబట్టి అక్కడ జబ్బు బయటపడదు, టీ కొట్టు ముందు ఆ పది ఫోటోలూ ఎఫ్4లోనే తీసి ఉంటాడని నా అనుమానం. అలా కాకుండా ఏ జూమ్‌లోనైనా, పూర్తిగా తెరిచి ఉన్నా ఎర్రర్ వస్తోందంటే అది వేరే రోగం, మౌంట్ దగ్గర దెబ్బ తగిలి ఉండొచ్చు, తడిసి ఉండొచ్చు, దానికీ మీకూ సంబంధం లేదు. రిపేరు ఎస్టిమేట్ ఫోటో వాట్సాప్‌లో పంపమనండి, ఏ భాగం మారుస్తున్నారో అందులో ఉంటుంది. ఆటోఫోకస్ మోటారు అని ఉంటే, పాపం అనిపించినా, అది అతని ఖర్చే.

ఇక మీ ఫ్రెండ్స్ భయం. వినియోగదారుల కమిషన్‌లో కేసులు వ్యాపారుల మీద, సేవలు అందించేవాళ్ళ మీద. సొంతంగా వాడుకున్న ఒక్క లెన్స్ అమ్మిన మనిషిని అక్కడికి లాగడం కుదిరే పని కాదు. మామూలు సివిల్ కోర్టుకి వెళ్ళొచ్చు, కాంట్రాక్టు వ్యవహారాలకి సాధారణంగా మూడేళ్ళ గడువు ఉంటుంది, కానీ 9,500 కోసం లాయర్ ఫీజు కట్టుకుని ఎవరు తిరుగుతారు? పైగా చట్టం అతన్నీ అడుగుతుంది, మామూలు జాగ్రత్తతో చూసుకుంటే తెలిసే విషయమే కదా, ఎందుకు చూసుకోలేదు అని. అందుకని కేసు గురించి ఆలోచించకండి. డబ్బు పంపితే మాత్రం ఊరికే పంపకండి, వాట్సాప్‌లో తెలుగులోనే నాలుగు ముక్కలు రాయండి: ‘అమ్మడానికి ముందు నాకు రెండుసార్లు ఈ ఎర్రర్ వచ్చింది, తుడిస్తే పోయింది, సమస్య అనుకోలేదు, ఆ రోజు నీకు చెప్పాల్సింది. రిపేరుకి నా వంతుగా ఇది పంపుతున్నా, దీంతో మన మధ్య ఈ లెక్క తీరినట్టే.’ అతను సరే అన్నాక పంపండి. ఆ మాట దాచి డబ్బు మాత్రం పంపితే అతను మిమ్మల్ని మంచివాడనుకుంటాడు, మీకు మాత్రం ఆ ముల్లు అలాగే ఉంటుంది.

పెళ్ళిలో ఫోటో పోయింది కదా అని ఇంకా ఏమైనా అడిగితే మాత్రం ఒప్పుకోకండి. ముహూర్తం షూట్‌కి ఒక్క లెన్స్‌తో వెళ్ళడం అతని నిర్ణయం. స్పేర్ లేకుండా మండపం ఎక్కకూడదని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు, తెలిసీ అప్పుడప్పుడు వెళ్తాం, దాని ఫలితం మనమే పడతాం.

ప్రశ్న: చెన్నై పెరంబూర్ నుంచి రాస్తున్నాను. చంటిపిల్లల ఫోటోషూట్లు చేస్తుంటాను, నేనొక్కదాన్నే, అదే నా సంపాదన. 11 నెలల కిందట సెకండ్ హ్యాండ్ కెమెరాలు అమ్మే ఒక షాపులో డీఎస్ఎల్ఆర్ బాడీ కొన్నాను. 40 వేల క్లిక్కులే అయ్యాయన్నారు, బిల్లు మీద అలాగే రాశారు, మూడు నెలల వారంటీ అన్నారు. ఇప్పుడు ఫోటోల్లో కింది భాగం నల్లగా వస్తోంది, షట్టర్ పోయిందంటున్నారు. షాపుకి వెళితే వారంటీ అయిపోయింది కదమ్మా అని పంపించేశారు. నాకేమైనా దారి ఉందా?

- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఉంది. మీది పై ఉత్తరం లాంటి వ్యవహారం కాదు, మీకు అమ్మింది వ్యాపారం చేసే షాపు. మూడు నెలల వారంటీ అన్నది వాళ్ళు అదనంగా ఇచ్చిన మాట, అది అయిపోయింది, దాని మీద గొడవపడి లాభం లేదు. కానీ ‘40 వేల క్లిక్కులు’ అన్నది వారంటీ కాదు, సరుకు ఇదీ అని చెప్పిన వివరం. అది అబద్ధమైతే వారంటీతో పాటు చెల్లిపోదు.

అబద్ధమో కాదో తేల్చుకోవడం మీ చేతిలోనే ఉంది. మీ కెమెరా ఏ కంపెనీదో రాయలేదు. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లు చాలావాటిలో ఆ ఫోటో తీసే నాటికి షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఆ సంఖ్య ప్రతి ఫోటో ఫైలు లోపల నమోదై ఉంటుంది. కాబట్టి ఇప్పటి సంఖ్య కాదు, కొన్న రోజు షాపులోనో ఇంటికొచ్చాకో తీసిన మొట్టమొదటి ఫోటో వెతకండి. అందులో 40 వేల చిల్లర ఉంటే షాపువాళ్ళు నిజమే చెప్పారు. 1,30,000 ఉంటే, బిల్లు పక్కన ఆ ఫైలు పెడితే చాలు, ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. కెనాన్ అయితే ఎక్కువ మోడళ్ళలో ఆ సంఖ్య ఫోటోలో ఉండదు, కెమెరాని కంప్యూటర్‌కి కలిపి చూడాలి, అప్పుడు ఇప్పటి సంఖ్యలోంచి ఈ 11 నెలల్లో మీరు తీసినవి తీసేసి లెక్క కట్టుకోవాలి.

40 వేలు నిజమే అయితే కొంచెం కష్టం. నికాన్ డీ750 షట్టర్‌ని 1,50,000 క్లిక్కుల వరకు పరీక్షించామని కంపెనీ చెబుతుంది, డీ850కి 2,00,000, కానీ అది పరీక్ష లెక్క, మీ కెమెరా అంతవరకు ఉంటుందన్న హామీ కాదు. ముందే పోయేవీ ఉంటాయి, ఎంతో దాటి నడిచేవీ ఉంటాయి. అన్నట్టు మీది డీ750 అయితే షాపు దగ్గరికి మళ్ళీ వెళ్ళేముందు సీరియల్ నంబర్ చూసుకోండి. కొన్ని డీ750లలో షట్టర్ సరిగ్గా పనిచేయక ఫోటోలో కొంత భాగం నల్లగా వస్తోందని నికాన్ 2015 జులైలో తనే ప్రకటించి, వారంటీ అయిపోయినా ఉచితంగా బాగుచేస్తామంది, 2016లో, 2017లో మరిన్ని సీరియల్ నంబర్లని అందులో చేర్చింది. మీరు చెప్పిన లక్షణం కూడా అదే. ఎన్ని చేతులు మారినా సీరియల్ నంబర్ మారదు కాబట్టి నికాన్ సర్వీసులో ఆ నంబర్ చెప్పి అడగండి.

షాపు మాట అబద్ధమని తేలితే మొదట బిల్లు కాపీ, ఫోటో వివరాలు పెట్టి రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి. కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు వేయొచ్చు, గడువు రెండేళ్ళు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. సంపాదనకి వాడే కెమెరా కదా, మీరు వినియోగదారు కాదు అని షాపు తరఫున వాదిస్తారు, ఇది ఖాయం. బెదరకండి. సొంతంగా పని చేసుకుని బతుకుతెరువు కోసమే కొన్న వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. మీరు ఒక్కరే చేసుకుంటున్నానన్నారు కాబట్టి అది సరిగ్గా మీకోసం రాసినట్టే ఉంటుంది.

ఆ మొదటి ఫోటో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో ఎవరికో పంపిన కాపీ దొరికితే సంబరపడకండి, అందులో ఈ వివరాలేవీ మిగలవు. ఎడిట్ చేసి సేవ్ చేసినదాంట్లో కూడా చాలాసార్లు ఉండవు. కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు ఉన్న ఫైలే కావాలి. కార్డు ఫార్మాట్ చేసేసి ఉంటే పాత హార్డ్ డిస్కులో, ఆ వారం మొదటి క్లయింట్ ఫోల్డర్‌లో చూడండి, పారేద్దామనుకుని పక్కన పెట్టిన ఫోటోల్లో దొరకొచ్చు. దొరికాక దాన్ని తెరిచి ఏమీ మార్చకుండా రెండు చోట్ల కాపీ పెట్టుకుని, అప్పుడు షాపుకి వెళ్ళండి.